లీజె మైట్నర్

ఇంగ్లండు దేశమునందలి కేంబ్రిడ్జి నగరమున చర్చిల్ కళాశాల కలదు. ఆ కళాశాలకు చెందిన పత్ర భాండాగారమున పెక్కు మంది రాజనీతిజ్ఞుల యొక్కయు, శాస్త్రజ్ఞుల యొక్కయు కాగితములు భద్రపరుపబడి యున్నవి. వానిలో ఒక స్త్రీ తన జీవితకాలమున దాచుకొనిన ఉత్తరములు, దినచర్య పుస్తకములు, శాస్త్ర సంబంధమైన వ్రాతలు కలవు. అవి చూచుటకు సామాన్యమైన కాగితములే. కాని పరమాణు శక్తి లోకమునకు ఎట్లు తెలియవచ్చెనో, అందు ఎవరి కృషి ఎంతయో ఎరుగగోరువారికి ఆ కాగితములు సాక్షులవలె నిలిచి యున్నవి. ఆ స్త్రీ పేరు లీజె మైట్నర్. ఆమె చేసిన పని ఒకటి. లోకము చాలకాలము చెప్పుకొనిన కథ మరియొకటి. ఆ రెంటికి నడుమ గల అంతరమును తుదకు తొలగించినవి ఇట్టి కాగితములే.

ఆస్ట్రియా దేశపు రాజధానియైన వియన్నా నగరమున 1878వ సంవత్సరము నవంబరు మాసములో లీజె జన్మించెను. ఆమె తండ్రి ఫిలిప్ మైట్నర్ న్యాయవాది. వారిది యూదు కుటుంబము. ఎనమండుగురు సంతానములో ఆమె మూడవది. ఇంట సంగీతమును, పుస్తకములును సమృద్ధిగా నుండెను. తండ్రి తన కుమారులతోపాటు కుమార్తెలును విద్యావంతులు కావలెనని కోరినవాడు.

కాని ఆ కాలమున ఆస్ట్రియాలో బాలికల చదువు పదునాలుగేండ్లకే ముగియుచుండెను. ఆ పైని ఉన్నత పాఠశాలలు బాలురకు మాత్రమే యుండెను. 1897లో విశ్వవిద్యాలయపు తలుపులు స్త్రీలకు తెరువబడెను. ఐనను ప్రవేశ పరీక్షలో నెగ్గినగాని అందు అడుగిడ వీలులేదు. బాలురు ఎనిమిదేండ్లు చదువు పాఠములను లీజె ఇంటివద్ద ఉపాధ్యాయుల సాయమున రెండేండ్లలో చదువ పూనుకొనెను. పుస్తకము చేతలేక ఆమె గది దాటినచో పరీక్ష తప్పిపోవునని తోబుట్టువులు ఆమెను ఎగతాళి చేయుచుండిరి. 1901లో ఆ పరీక్షకు కూర్చున్న పదునలుగురు బాలికలలో నలుగురు మాత్రమే ఉత్తీర్ణులైరి. ఆ నలుగురిలో లీజె ఒకతె. అప్పటికామె వయస్సు ఇరువదిరెండేండ్లు.

వియన్నా విశ్వవిద్యాలయమున ఆమెకు లుడ్విగ్ బోల్ట్స్‌మన్ అను మహోపాధ్యాయుడు గురువుగా లభించెను. ఆయన భౌతిక శాస్త్రమును బోధించుచుండగా విద్యార్థులకు నూతన లోకము గోచరించుచుండెనట. ప్రకృతి సత్యమును వెదకుటయే జీవిత పరమార్థమను భావము ఆ తరగతులలోనే ఆమె మనసున నాటుకొనెను. 1906లో ఆమె డాక్టరు పట్టమును పొందెను. ఆ విశ్వవిద్యాలయమున భౌతిక శాస్త్రములో ఆ పట్టమందిన స్త్రీలలో ఆమె రెండవది.

1907లో ఆమె పై చదువులకై జర్మనీ రాజధానియైన బెర్లినునకు వెళ్లెను. అచట మాక్స్ ప్లాంకు అను సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుని ఉపన్యాసములు వినుటకు అనుమతి లభించెను. కొద్ది కాలము గడపి మరలిపోవలెనని వచ్చిన ఆమె ఆ నగరమున ముప్పదియొక సంవత్సరములు నిలిచిపోయెను. ఆటో హాన్ అను యువ రసాయన శాస్త్రజ్ఞునితో ఆమెకు అక్కడ పరిచయము కలిగెను. ఇరువురిది ఒకే ఈడు. ఆయన రసాయన శాస్త్రమునందు దిట్ట. ఆమె భౌతిక శాస్త్రమునందును గణితమునందును నేర్పరి. రేడియో ధార్మికత అను నూతన విషయమును పరిశోధించుటకు ఈ రెండు విద్యలును కావలెను.

అయితే హాన్ పనిచేయు రసాయన సంస్థలో స్త్రీలకు ప్రవేశము నిషిద్ధము. పెక్కు మాటల పిమ్మట సంస్థాధిపతి ఒక ఏర్పాటునకు సమ్మతించెను. భవనపు అడుగు అంతస్తున పూర్వము వడ్రంగి పనిచేసికొనిన గది యొకటి కలదు. దానికి వెలుపలినుండి వేరు ద్వారమున్నది. లీజె ఆ గదిలో పనిచేసికొనవచ్చును. పై అంతస్తులలోని ప్రయోగశాలలకు మాత్రము పోరాదు. ఆమె దీనికి ఒప్పుకొనెను. జీతము లేదు. తండ్రి పంపు కొలది సొమ్ముతో కాలము గడుపుచు ఆ వడ్రంగి గదిలోనే ఆమె పరిశోధన సాగించెను. రెండేండ్లలోగా ఆ నిషేధము తొలగింపబడెను.

1912లో డాలెం అను ప్రాంతమున కైజర్ విల్‌హెల్మ్ రసాయన సంస్థ ప్రారంభింపబడగా హానును లీజెయు అందు చేరిరి. ఆ సంవత్సరమే ప్లాంకు ఆమెను తన సహాయకురాలిగా నియమించెను. జీతము ముట్టిన మొదటి ఉద్యోగమదియే. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున ఆమె ఆస్ట్రియా సైన్యపు ఆసుపత్రులలో ఎక్స్‌రే పరికరములతో గాయపడిన సైనికులకు సేవ చేసెను. మరలి వచ్చిన పిదప హానుతో కలిసి ప్రొటాక్టినియము అను మూలకమును కనుగొనెను. ఈ వార్త 1918లో ప్రకటితమయ్యెను. ఆమె ఆ సంస్థలో భౌతిక శాస్త్ర శాఖకు అధినేత్రి యయ్యెను. 1926లో బెర్లిను విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి పొందెను. జర్మనీ దేశమున భౌతిక శాస్త్రమునందు ఆ పదవి నందుకొనిన మొదటి స్త్రీ ఆమెయే.

ఇట్లు పేరు ప్రతిష్ఠలు పెరుగుచుండగా కాలము ఎదురు తిరిగెను. 1933లో హిట్లరు జర్మనీలో అధికారమునకు వచ్చెను. యూదులను ఉద్యోగములనుండి తొలగించు శాసనములు వెలువడెను. విశ్వవిద్యాలయమున బోధించు హక్కును లీజె కోల్పోయెను. ఆమె ఆస్ట్రియా పౌరురాలగుటచే సంస్థలోని పదవి మాత్రము నిలిచెను. అనేకులు దేశము విడిచి పోయిరి. తాను ఇటుకమీద ఇటుక పేర్చి కట్టుకొనిన శాఖను విడిచిపోవుటకు ఆమెకు మనసొప్పలేదు. పనిలో తల దూర్చి చుట్టును జరుగుచున్నదానిని ఆమె సహించి ఊరకుండెను. ఆనాడే వెడలిపోకుండుట తన తప్పిదమని ఆమె తరువాతి కాలమున ఉత్తరములలో ఒప్పుకొనెను.

ఆ రోజులలో ఇటలీ దేశమునందు ఎన్రికో ఫెర్మి అను శాస్త్రజ్ఞుడు యురేనియమును న్యూట్రాను కణములతో కొట్టి చూచుచుండెను. యురేనియము పరమాణు సంఖ్య 92. దానిని కొట్టినచో అంతకంటె బరువైన నూతన మూలకములు పుట్టునని అందరును తలచిరి. 1934లో లీజె ఈ విషయమును పరిశోధింపవలెనని హానును ప్రోత్సహించెను. ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ అను యువ రసాయన శాస్త్రజ్ఞుడును వారితో చేరెను. ఆ మువ్వురి పని నాలుగేండ్లు సాగెను.

1938 మార్చి మాసమున జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించెను. దానితో లీజెకు గల రక్షణ అడుగంటెను. ఆమె ఆస్ట్రియా పాస్‌పోర్టు చెల్లనిదయ్యెను. శాస్త్రజ్ఞులు దేశము దాటిపోరాదను కట్టడి రానున్నదని తెలియవచ్చెను. హాలండు దేశపు శాస్త్రజ్ఞుడు డర్క్ కోస్టర్ రహస్యముగా బెర్లిను చేరెను. ప్రయాణమునకు ముందు దినమున సైతము ఎవరికిని అనుమానము కలుగకుండ లీజె రాత్రి ఎనిమిది గంటలవరకు సంస్థలోనే కూర్చుండి ఒక యువకుని వ్యాసమును దిద్దెను. పిమ్మట రెండు చిన్న పెట్టెలలో కొన్ని బట్టలు సర్దుకొనెను. చేత పది మార్కులు మాత్రమే కలవు. దారిలో కష్టము వచ్చినచో అమ్ముకొనుటకు హాన్ తన తల్లి వజ్రపుటుంగరమును ఆమెకిచ్చెను. జూలై 13వ తేదీన కోస్టర్ తోడురాగా ఆమె రైలులో సరిహద్దు దాటెను. ఏబదితొమ్మిదేండ్ల వయస్సున, ముప్పది సంవత్సరముల కష్టఫలమును వెనుక విడిచి ఆమె కట్టుబట్టలతో పరదేశము చేరెను.

తుదకు స్వీడను దేశపు రాజధానియైన స్టాక్‌హోమున ఒక పరిశోధన సంస్థలో ఆమెకు చోటు దొరకెను. కాని అచట పరికరములు లేవు, సహాయకులు లేరు, జీతము స్వల్పము. భాష కొత్తది. ఆమెకు మిగిలిన ఆధారము ఉత్తరములు మాత్రమే. బెర్లినునుండి హాన్ ప్రయోగ ఫలితములు వ్రాయుచుండెను. ఆమె వానిని పరిశీలించి తన అభిప్రాయములు తెలుపుచుండెను. ఆ నవంబరులో ఇరువురును కోపెన్‌హేగన్ నగరమున కలిసికొని చర్చించిరి. ఫలితములు నమ్మశక్యముగా లేవనియు, మరల మిక్కిలి జాగ్రత్తగా పరీక్షింపవలసినదనియు ఆమె పట్టుపట్టెను. బెర్లినులో ఎవరికిని తెలియకుండ ఈ సమావేశమును హాన్ గుప్తముగా ఉంచవలసి వచ్చెను.

డిసెంబరు 19వ తేదీన హాన్ ఆమెకొక ఉత్తరము వ్రాసెను. యురేనియమునుండి పుట్టిన పదార్థము బేరియమువలె ప్రవర్తించుచున్నదనియు, ఇది ఎట్లు సాధ్యమో తనకు తోచుట లేదనియు, ఆమె ఏదైన వివరణ చెప్పగలదా యనియు అందు అడిగెను. బేరియము పరమాణు సంఖ్య 56. అది యురేనియములో సగముకంటె కొంచెము మాత్రమే పెద్దది. బండరాతిని గులకరాతితో కొట్టగా బండ రెండు చెక్కలైనదని చెప్పినట్లున్నది ఆ వార్త. లీజె వెంటనే బదులు వ్రాసెను. ఇది ఆశ్చర్యకరమే యైనను అసాధ్యమని కొట్టివేయరాదని ఆమె తెలిపెను.

క్రిస్‌మస్ పండుగకై ఆమె కుంగెల్వ్ అను చిన్న ఊరికి పోయెను. ఆమె సోదరి కుమారుడైన ఆటో ఫ్రిష్ కూడ అచటికి వచ్చెను. ఆయనయు భౌతిక శాస్త్రజ్ఞుడే. మంచు కప్పిన అడవిలో ఇరువురును నడచుచు హాన్ ఉత్తరమును గూర్చి చర్చించిరి. పరమాణు కేంద్రకము గట్టి రాయి కాదు, నీటి బొట్టువంటిదని నీల్స్ బోర్ చెప్పియుండెను. బొట్టు సాగి నడుమ సన్నబడి రెండుగా విడిపోవచ్చును. యురేనియము కేంద్రకమున ధన విద్యుత్తు అధికము. ఆ విద్యుత్తు బొట్టును పట్టి యుంచు బిగువును తగ్గించును. కావున స్వల్పమైన తాకిడికే అది రెండు ముక్కలు కాగలదు. ఒక ముక్క బేరియమైనచో రెండవది 36 సంఖ్య గల క్రిప్టాను కావలెను. 56ను 36ను కలిపిన 92 గదా!

అంతట లీజె ఒక చెట్టు మొద్దుపై కూర్చుండి చిన్న కాగితపు ముక్కలమీద లెక్క వేయసాగెను. రెండు ముక్కల బరువును కూడినచో మొదటి కేంద్రకపు బరువుకంటె ఒక ప్రోటాను బరువులో సుమారు ఐదవ వంతు తక్కువగా నుండును. ఆ లోపించిన పదార్థము ఐన్‌స్టీన్ సూత్రము ననుసరించి శక్తిగా మారవలెను. లెక్క కట్టగా అది 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులయ్యెను. రెండు ముక్కలు ఒకదానినొకటి నెట్టుకొనుటవలన కలుగు శక్తియు సరిగా అంతియే. రెండు దారుల వచ్చిన లెక్కలు ఒకచోట కలిసెను. బొగ్గు మండునపుడు ఒక్కొక్క పరమాణువునుండి వెలువడు శక్తికంటె ఇది సుమారు ఐదు కోట్ల రెట్లు అధికము. పరమాణువునందు దాగియున్న మహాశక్తి ఆ మంచు అడవిలో ఒక కాగితపు ముక్కపై మొదటిసారి లెక్కకు అందెను.

హాన్, స్ట్రాస్‌మనుల రసాయన ఫలితములు 1939 జనవరిలో ప్రకటితమయ్యెను. లీజె, ఫ్రిష్‌ల వివరణము ఫిబ్రవరి 11వ తేదీన నేచర్ అను పత్రికలో వెలువడెను. కేంద్రక విచ్ఛిత్తి అను పేరు శాస్త్రమున స్థిరపడెను. కాని మొదటి వ్యాసమున లీజె పేరు లేదు. దేశము విడిచి పారిపోయిన యూదు స్త్రీ పేరును జర్మనీలో ముద్రించుట ప్రమాదకరము. మువ్వురు నాలుగేండ్లు దున్నిన పొలమున పంట ఇద్దరి పేర ఇల్లు చేరెను.

ఆ సంవత్సరమే రెండవ ప్రపంచ యుద్ధము మొదలయ్యెను. నూతన శక్తితో బాంబు చేయు ఆలోచన పలు దేశములలో తలయెత్తెను. ఫ్రిష్ ఇంగ్లండునకు చేరి, 1940లో అట్టి బాంబు సాధ్యమని తన మిత్రునితో కలిసి నివేదిక వ్రాసెను. పిదప అమెరికాలోని లాస్ అలామోస్‌కు వెళ్లెను. 1943లో లీజెకును ఆ పనిలో చేరుమని పిలుపు వచ్చెను. స్టాక్‌హోమున ఆమె పేదరికములోను, ఒంటరితనములోను బ్రతుకుచుండెను. ఆ పిలుపునకు ఒప్పుకొనినచో మంచి ప్రయోగశాలయు, మహామహులైన సహచరులును లభించెడివారు. హిట్లరు తన సర్వస్వమును అపహరించినవాడు. ఐనను బాంబు పనిలో తాను పాలు పంచుకొననని ఆమె నిష్కర్షగా తెలిపెను. 1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమా నగరము భస్మమయ్యెను. ఆ వార్త విని ఆమె కుమిలిపోయెను. పత్రికలవారు ఆమెను చుట్టుముట్టిరి. బాంబు రహస్యమును పెట్టెలో దాచుకొని ఆమె జర్మనీనుండి పారిపోయినదని కట్టుకథలు అచ్చయ్యెను. అట్టి కథతో చలనచిత్రము తీయుటకు అనుమతి కోరగా ఆమె నిరాకరించెను.

ఆ వేసవిలోనే ఆమె హానునకొక దీర్ఘమైన లేఖ వ్రాసెను. జర్మనీలో నిలిచిన శాస్త్రజ్ఞులందరును హిట్లరు ప్రభుత్వమునకై పనిచేసిరనియు, మౌనముగానైనను ఎదిరింపలేదనియు, ఆ తప్పును బాహాటముగ ఒప్పుకొనుట ధర్మమనియు అందు స్నేహముతోనే హెచ్చరించెను. ఆ లేఖ హానునకు చేరనేలేదు. దాని ప్రతి మాత్రము ఆమె కాగితములలో నిలిచినది.

1945 నవంబరులో స్వీడను శాస్త్ర పరిషత్తు 1944వ సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమానమును ఆటో హాన్ ఒక్కనికే ప్రకటించెను. స్ట్రాస్‌మన్ పేరు లేదు. లీజె పేరును లేదు. విచ్ఛిత్తి కేవలము రసాయన శాస్త్రపు విజయమని హాన్ చెప్పుచు వచ్చెను. ఆమె ఆయన సహాయకురాలని కొందరు వ్రాసిరి. జర్మనీలోని ఒక ప్రసిద్ధ ప్రదర్శనశాలలో విచ్ఛిత్తి పరికరములుంచిన బల్ల చాలకాలము హాన్ బల్ల యను పేరనే నిలిచెను. ఆ పరికరములలో పెక్కు ఆమె శాఖకు చెందినవే. ఆమె ఈ అన్యాయమునకు బాధపడెను. సన్నిహితులకు ఉత్తరములలో చెప్పుకొనెను. కాని వీధికెక్కి వాదింపలేదు. హానుతో స్నేహమును తుదివరకు విడువలేదు.

గౌరవములు ఆమెకు లేకపోలేదు. 1949లో మాక్స్ ప్లాంక్ పతకము లభించెను. 1960లో ఆమె బంధువులకు దగ్గరగా ఉండుటకు కేంబ్రిడ్జి చేరెను. 1966లో అమెరికా ప్రభుత్వము హాన్, మైట్నర్, స్ట్రాస్‌మన్ మువ్వురకును కలిపి ఫెర్మి బహుమానము నిచ్చెను. ఆ బహుమానమందిన మొదటి స్త్రీ ఆమెయే. వృద్ధాప్యముచే ఆమె ప్రయాణము చేయజాలనందున దానిని కేంబ్రిడ్జికే తెచ్చి అందజేసిరి. 1968 అక్టోబరు 27వ తేదీన ఆమె కన్నుమూసెను. మూడు మాసములకు ముందే హాన్ మరణించియుండెను. ఆమె ఆరోగ్యము దృష్ట్యా ఆ వార్త ఆమెకు చెప్పలేదు. బ్రామ్‌లీ అను పల్లెలో తమ్ముని సమాధి చెంత ఆమె సమాధి కలదు. శాస్త్రజ్ఞురాలై యుండియు మానవత్వమును కోల్పోనిదని ఫ్రిష్ దానిపై చెక్కించెను.

ఆమెతో కథ ముగియలేదు. ఆమె దాచుకొనిన ఉత్తరములు చర్చిల్ కళాశాలకు చేరినవి. హాన్ వ్రాసినవి, ఆమె వ్రాసినవి, తేదీల వరుసను పేర్చి పండితులు చదివిరి. బెర్లినులోని ప్రయోగములకు స్టాక్‌హోమునుండి వచ్చిన ఆలోచనలు ఎట్లు దారి చూపెనో అప్పుడు స్పష్టమయ్యెను. తమ మువ్వురిలో బుద్ధిబలముచే ముందు నడచినది ఆమెయేయని స్ట్రాస్‌మన్ కూడ వ్రాసియుండెను. నోబెల్ సంఘపు పత్రములు ఏబది సంవత్సరములు రహస్యముగా నుండును. ఆ గడువు తీరిన పిదప 1990 తరువాతి దశకమున వానిని తెరచి చూడగా, ఆమె పేరు నలుబదికి మించిన పర్యాయములు సూచింపబడెనని తెలిసెను. నిర్ణయించినవారు భౌతిక శాస్త్రపు పాలును సరిగా అంచనా వేయలేదనియు, ఆమె ప్రవాసమునకు కారణమైన పరిస్థితులను గుర్తింపలేదనియు పరిశోధకులు తేల్చిరి. 1997లో 109వ మూలకమునకు మైట్నేరియము అను పేరు స్థిరపరుపబడెను. ప్రదర్శనశాలలోని బల్లకును ఆమె పేరు చేర్చిరి.

బహుమానమును ఒక సభ ఇయ్యవచ్చును, ఇయ్యకపోవచ్చును. సత్యమును మాత్రము ఏ సభయు మార్చజాలదు. దానిని నిలుపుటకు కొన్ని వేళల ఒక పాత ఉత్తరము, అందలి ఒక తేదీ చాలును. లీజె మైట్నర్ తన ఉత్తరములను చింపివేయక దాచుకొనెను. తరువాతివారు వానిని ఓపికతో చదివిరి. విద్యకై తలుపులు తట్టి, మూసిన తలుపుల వెలుపలనే కూర్చుండి పనిచేసి, మహాశక్తిని కనుగొనియు దానితో మనుష్యులను చంపు పనికి చేయి చాపని ఆ మహనీయురాలి చరిత్ర పరమాణు యుగమునందలి ప్రతి విద్యార్థియు ఎరుగదగినది.